మేడమీద టేకు నేల: అద్దె సాండింగ్ మెషీన్ అలలు వదిలింది. ఇప్పుడు ఏ మెషీన్ తీసుకోవాలి?

నాగావళి గట్టు, శ్రీకాకుళం (నవంబరు)

అందరికీ నమస్కారం. నాకు చెక్కపని తెలియదు. అందుకే జరిగినదంతా వరుసగా రాస్తున్నాను, కొంచెం ఓపికగా చదవండి.

శ్రీకాకుళంలో మాది పాత మేడ ఇల్లు. కింద గచ్చు నేల. మేడమీద ఒక్కటే పెద్ద గది, 14 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవు. నేలంతా దూలాల మీద పరిచి మేకులు కొట్టిన టేకు పలకలు, ఒక్కొక్కటి 6 అంగుళాల వెడల్పు. మా ముత్తాత రంగూన్‌లో కలప అడితిలో గుమాస్తాగా పనిచేసి తిరిగి వచ్చాక ఈ మేడ వేయించారు. అది బర్మా టేకే అని నాన్నమ్మ చెప్పేది. కిటికీ పక్కన ఆవిడ కూర్చుని వత్తులు చేసుకునే చోట పలక అరిగి తమలపాకులా నున్నగా ఉంటుంది. మిగతా నేల అలా లేదు. పాత వార్నిష్ నల్లబడి పెచ్చులు లేస్తోంది, పేళ్ళు లేచాయి. ఒక మూల నాలుగు అడుగుల మేర ఎవరో ఎప్పుడో ఎర్ర ఎనామిల్ రంగు కూడా వేశారు.

నేను పిల్లలకు కూచిపూడి నేర్పుతాను. ఇప్పటిదాకా కింద వసారాలో గచ్చు మీదే నేర్పాను. గచ్చు మీద గంటసేపు అడుగులు వేస్తే పిల్లల మడమలు వాచిపోతున్నాయి. చెక్క నేల కాలిని కాచుకుంటుంది. అందుకే మేడమీది గదిని సిద్ధం చేయాలనుకున్నాను. వట్టి కాళ్ళతో ఆడే పిల్లలు కాబట్టి ఒక్క పేడు కూడా మిగలకూడదు.

కిందటి నెల విశాఖపట్నంలో ఒక దుకాణం నుంచి డ్రమ్ము ఉన్న సాండింగ్ మెషీన్, అంటే గరుకు కాగితంతో నేలను గీకి నునుపు చేసేది, అద్దెకు తెచ్చాము. దానితో వచ్చిన కుర్రవాడు గరుకు కాగితాన్ని డ్రమ్ము చీలికలో దూర్చి స్క్రూలు బిగించి మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి కాగితం చిరిగితే ఇంకొకటి మార్చాడు. పగలంతా బాగానే కనిపించింది. సాయంత్రం పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడేసరికి నా గుండె జారిపోయింది. పలకలకు అడ్డంగా అలలు, కళింగపట్నం ఒడ్డున నీరు వెనక్కి తగ్గినప్పుడు ఇసుకలో మిగిలే గీతల్లా. గుమ్మం దగ్గర అరచేయి పట్టేంత గుంత. కుర్రవాడిని ఆపించి మెషీన్ పంపించేశాను. దుకాణం వారేమో తప్పు పట్టుకునే చేతిదే కాని మెషీన్‌ది కాదంటున్నారు.

ఈ పనికి ఏ రకం మెషీన్ తీసుకోవాలి? సొంతంగా కొనుక్కోవడం మంచిదా, మళ్ళీ అద్దెకా? అద్దెకు తెస్తే అది బాగున్నదో లేదో నాలాంటిది ఎలా చూసుకోవాలి? ధనుర్మాసం లోపల పని పూర్తిచేసి సంక్రాంతికి పిల్లలతో గజ్జె కట్టించాలని నా కోరిక.

సిరిమాను, గజపతినగరం

అక్కా, పెద్ద మెషీన్ల జోలికి వెళ్ళకండి. నేను మా ద్వారబంధాలు, తలుపులు అన్నీ 4 అంగుళాల గ్రైండర్‌కు గరుకు రెక్కల డిస్కు బిగించి శుభ్రం చేశాను. ఇరవై ఏళ్ళ రంగు ఒక్క పూటలో పోయింది. డిస్కులు ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరుకుతాయి. మీ గదికి మహా అయితే పది డిస్కులు.

బొబ్బిలి చిత్రిక, బొబ్బిలి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మెషీన్ మాటకు ముందు మీరు ఒక కొలత తీసి పంపాలి. అది ఎందుకో చెబుతాను.

నాది బొబ్బిలి. మా నాన్న తలుపులు, మంచాలు చేసేవారు. గొల్లపల్లిలో వీణలు చేసే ఇళ్ళకు చిన్నప్పుడు ఆయన వెంట వెళ్ళేవాడిని. ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు వాళ్ళు. అక్కడ ఒక పెద్దాయన పని అయిన చెక్క మీద కళ్ళు మూసుకుని వేళ్ళు నడిపేవారు. ఎక్కడ ఆగితే అక్కడ గీకేవారు. ఆ అలవాటు నాకు అంటుకుంది. పందొమ్మిదేళ్ళుగా నేలల పని చేస్తున్నాను. షటిల్ కోర్టులు, వేదికలు, పాత బంగళాల మేడలు. ఇన్నేళ్ళలో నేను చూసిన అలల్లో చాలా భాగం మనిషి చేతివి కావు, మెషీన్‌లో ఏదో ఒక భాగం చేసినవి. ఏ భాగమో నేలే చెబుతుంది. అల నుంచి అలకు ఎంత దూరమో కొలిస్తే చాలు.

రాత్రి దీపాలన్నీ ఆర్పి, ఒక్క బల్బును నేల మీదే పెట్టండి. వెలుగు నేలను తాకుతూ పోవాలి. ప్రతి అల ఎత్తు మీద సుద్దముక్కతో గీత పెట్టండి. పది అలల మొత్తం దూరం కొలిచి పదితో భాగించండి. ఒక్క అలనే కొలిస్తే తప్పు వస్తుంది.

డ్రమ్ము నిమిషానికి సుమారు 2000 చుట్లు తిరుగుతుంది అనుకుందాం. అంటే సెకనుకు 33. మనిషి మెషీన్‌తో సెకనుకు 10 అంగుళాలు నడుస్తాడు. అప్పుడు ఒక్కో చుట్టుకు నేల మీద 7, 8 మిల్లీమీటర్లు వస్తుంది. మీ అలలు ఆ దూరంలో ఉంటే తప్పు డ్రమ్ము దగ్గర ఉంది. కాగితం వదులుగా బిగించి ఉండవచ్చు, చీలికలో దూర్చిన అంచు ఉబ్బి ఉండవచ్చు, డ్రమ్ము మీది రబ్బరు ఒకచోట అణిగిపోయి ఉండవచ్చు. దానికి రెండు మూడు రెట్ల దూరం ఉంటే మోటారు నుంచి డ్రమ్ముకు వెళ్ళే బెల్టులో గట్టిపడిన ముడత ఉంటుంది, ఎందుకంటే బెల్టు ఒక చుట్టు తిరిగేలోపు డ్రమ్ము రెండు మూడు చుట్లు తిరుగుతుంది. ఇక అల అడుగుకు అటూ ఇటూ ఉంటే అది చక్రం. 4 అంగుళాల చక్రం ఒక చుట్టుకు పన్నెండున్నర అంగుళాలు నడుస్తుంది. చక్రానికి వార్నిష్ పొడి ఉండ కట్టి అతుక్కుంటే, ప్రతి చుట్టుకూ మెషీన్ ఒకసారి లేచి కూర్చుంటుంది. డ్రమ్ము ఆ ఒక్క క్షణం తక్కువ కోస్తుంది.

గుమ్మం దగ్గర గుంత మాత్రం చేతిదే. డ్రమ్ము నేలను తాకుతూ ఉండగా మెషీన్ ఆగితే జరిగేది అదే. నడక మొదలైన తరువాతే డ్రమ్మును దించాలి, నడక ఆగకముందే ఎత్తాలి.

గజపతినగరం తమ్ముడు తలుపులకు చేసిన పనిని నేను తప్పుపట్టను. కాని నేలకు గ్రైండర్ వద్దు. 4 అంగుళాల బిళ్ళ ఎక్కడ ఒక్క లిప్త ఆగినా చంద్రవంకలా కోస్తుంది. తలుపు మీద అది కనిపించదు, కిటికీ వెలుగు పడే నేల మీద ప్రతి వంకా కనిపిస్తుంది. పైగా గ్రైండర్ వేడికి టేకు నూనె, పాత వార్నిష్ కరిగి చెక్కలోకే మళ్ళీ పూసుకుంటాయి.

ఇంకొక మాట, అన్నింటికంటే ముఖ్యమైనది. ధనుర్మాసం అని తొందరపడకండి. మీ పలకల అంచులు పైకి లేచి, మధ్యలో లోతుగా దోనెలా ఉన్నాయా? ఒక చెక్క స్కేలును పలకకు అడ్డంగా నిలబెట్టి చూడండి. అక్టోబరు వానల్లో మేడ తడిసి ఉంటే ఉండవచ్చు. తడి కింది నుంచి పట్టిన పలక అలా దోనెలా వంగుతుంది. ఆ అంచులను ఇప్పుడు మెషీన్‌తో కోసి చదును చేస్తే, ఎండాకాలంలో పలక ఆరి తన రూపానికి తిరిగి వచ్చినప్పుడు అంచులు పల్లం, మధ్య ఎత్తు అవుతుంది. నేను ఆ తప్పు చేశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక తడిసిన ఒక మేడ నేలను డిసెంబరులోనే సాండింగ్ చేశాను. యజమాని తొందర, నా తొందర. ఏప్రిల్‌లో వెళ్ళి చూస్తే ప్రతి పలకా గుర్రం వీపులా లేచి ఉంది. రెండోసారి ఉచితంగా చేసి ఇచ్చాను కాని, పోయిన మందం తిరిగి రాదు కదా. 2018 అక్టోబరులో తిత్లీ తరువాత వచ్చిన పనులను మాఘమాసం దాకా ముట్టుకోలేదు.

చెక్క తేమ కొలిచే చిన్న మీటరు దొరుకుతుంది, రెండు సూదులు గుచ్చి చూసేది. ఒకే చోట పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు చూడండి. అంకె ఇంకా దిగుతూ ఉంటే ఆగండి. నిలిచిపోతే పని మొదలుపెట్టవచ్చు.

కొలత పంపండి. పలక మందం కూడా. మెట్లు పైకి వచ్చే చోట నేల తెగిన అంచు కనిపిస్తుంది, అక్కడ స్కేలు పెట్టవచ్చు.

నాగావళి గట్టు

మేస్త్రీ గారూ, మీరు చెప్పినట్టే నిన్న రాత్రి బల్బు నేల మీద పెట్టి కూర్చున్నాను. మా అమ్మ సుద్దముక్కతో గీతలు పెడితే నేను కొలిచాను. గది మొత్తం మీద ఉన్న పెద్ద అలలు పది కలిపి 126 అంగుళాలు వచ్చాయి. అంటే ఒక్కొక్కటి 12.6 అంగుళాలు. కిటికీ వైపు సగంలో మాత్రం ఈ పెద్ద అలల మీద సన్నని గీతలు కూడా ఉన్నాయి. అవి పది కలిపి 8 సెంటీమీటర్లు. ఆ సగం కుర్రవాడు కాగితం మార్చిన తరువాత చేసినది.

ఈ రోజు అన్నయ్య ఏదో పని మీద విశాఖపట్నం వెళితే దుకాణానికి వెళ్ళి చూడమన్నాను. మెషీన్‌ను వాల్చి చక్రం తిప్పి చూశాడు. ఎడమ చక్రం మీద సెనగబద్దంత ఉండ ఉంది, జిగురులా గట్టిగా. తాళంచెవితో గీకితే ముక్కగా ఊడి వచ్చింది. దుకాణం ఆయన ముందు మాట్లాడలేదట, తరువాత కుర్చీ వేసి కూర్చోబెట్టాడట.

పలక మందం 24 మిల్లీమీటర్లు. స్కేలు నిలబెట్టి చూస్తే ఈశాన్యం మూల పలకలు దోనెలాగే ఉన్నాయి, మధ్యలో రెండు రూపాయల నాణెం దూరేంత సందు. అక్కడే పైకప్పు కారింది. సంక్రాంతి మాట వదిలేశాను. మీటరు కొంటాను.

ఇక మెషీన్ ఏది?

రాజాం రసాయన శాస్త్రం

అమ్మా, మెషీన్ మాటకు ముందు ఆ ఎర్ర ఎనామిల్ మూల గురించి ఒక మాట చెప్పాలి. నేను ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పి పదవీ విరమణ చేశాను. మీ మేడ మీదకు పిల్లలు వస్తారని చదివి రాయకుండా ఉండలేకపోయాను.

పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండేది, ముఖ్యంగా ఎరుపు, పసుపు రంగుల్లో. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలైంది. మీ మూలలోని రంగు అంతకంటే ఎంతో పాతది. అందులో సీసం ఉందో లేదో కంటితో చెప్పలేము. కాబట్టి ఉందనే అనుకుని నడుచుకోండి. దాని మీద ఏ సాండింగ్ మెషీన్ పెట్టినా సీసం కంటికి కనిపించని పొడిగా మారి గదంతా, కిటికీ చట్రాల మీద, పలకల సందుల్లో కూర్చుంటుంది. పిల్లలు నేల మీద చేతులు పెడతారు, అవే చేతులు నోట్లోకి వెళతాయి. ఎదిగే మెదడుకు సీసం చేసే హాని తిరిగి బాగుపడేది కాదు. ఇంత సీసం వరకు ఫరవాలేదు అని చెప్పే అంకె ఏదీ లేదు.

రంగు తీయడానికి పూసే జెల్లీలాంటి మందు దుకాణాల్లో దొరుకుతుంది. కిటికీలు తెరిచి, చేతితొడుగులు వేసుకుని అది పూసి, రంగు ఉబ్బిన తరువాత తడిగానే గీకండి. వేడిగాలి తుపాకీ, మంట వాడకండి, సీసం ఆవిరిగా లేస్తుంది. గీకిన పెచ్చులన్నీ ప్లాస్టిక్ గుడ్డ మీదే పడాలి. వాటిని మూటకట్టి వేరుగా ఉంచండి, పెరట్లో కాల్చకండి. ఆ చోటును రెండు మూడుసార్లు తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డలు కూడా పారేయండి. ఆ పని జరిగే రోజుల్లో పిల్లలెవరూ మేడ ఎక్కకూడదు. ఆ పనిలో మీరు వేసుకున్న బట్టలు వేరుగా ఉతకండి.

మిగతా నేలకు కూడా ముక్కుకు మామూలు చేతిరుమాలు చాలదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్కధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా 1995లో ప్రకటించిన సంపుటంలో మొదటి వర్గంలో చేర్చింది. కనీసం ఎన్95 మాస్కు, ముక్కు దగ్గర సందు లేకుండా.

బొబ్బిలి చిత్రిక

మాష్టారు గారూ, చాలా మంచి మాట చెప్పారు. నేను ఇన్నాళ్ళు ఎర్ర రంగును మొదటి చుట్టులో ముతక కాగితంతో లేపేసేవాడిని. ఇక చేయను. మా అబ్బాయి కూడా నాతోనే పనిచేస్తాడు.

అమ్మా, 126 అంగుళాలు చూసి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. చక్రం తప్పు ఇంతకంటే స్పష్టంగా ఎవరూ పట్టుకోలేరు. 8 మిల్లీమీటర్ల గీతలు రెండో కాగితం వదులుగా బిగించినందువల్ల వచ్చినవి.

మందం 24 మిల్లీమీటర్లు ఉంది కాబట్టి మీకు భయం లేదు. జాగ్రత్తగా చేస్తే ఒకటిన్నర మిల్లీమీటరులోపే మొత్తం పని అయిపోతుంది. మేకులు మాత్రం మొదట చూసుకోండి. ప్రతి మేకు తలనూ పంచితో కొట్టి 3 మిల్లీమీటర్లు లోపలికి దించాలి. ఒక్క మేకు పైన ఉన్నా గరుకు కాగితం చిరుగుతుంది, నిప్పురవ్వ మెషీన్‌కు ఉన్న పొడి సంచిలోకి పోతుంది.

మెషీన్ విషయానికి వస్తే, మీరు కొనవద్దు. 308 చదరపు అడుగులకు పెద్ద మెషీన్ కొనడం అనవసరం. కాగితాన్ని చీలికలో దూర్చే డ్రమ్ము కాకుండా, వలయంలా ఉండే 8 అంగుళాల గరుకు బెల్టు రెండు రోలర్ల మీద (కింది రోలరే ఇందులో డ్రమ్ము) తిరిగే రకం అడిగి తీసుకోండి. అందులో దూర్చిన అంచు ఉండదు కాబట్టి ఆ సన్నని గీతలకు తావు తక్కువ. డ్రమ్మును నేల మీదకు మెల్లగా దించే లివరు ఉన్నదో లేదో చూడండి. బరువు 70, 80 కిలోలు ఉంటుంది. మీ పాత మెట్ల మీద ఒకేసారి మోయించకండి, మోటారు విప్పి విడిగా మోయవచ్చు. గోడ అంచులకు 7 అంగుళాల బిళ్ళ ఉన్న ఎడ్జర్ కావాలి. ఈ రెండూ రెండు రోజుల అద్దె. చివరి నునుపుకు 6 అంగుళాల చేతి మెషీన్ ఉంది, బిళ్ళ గుండ్రంగా తిరుగుతూనే పక్కకు కూడా కదులుతుంది. దానిని మాత్రం కొనుక్కోండి. ముందు ముందు నేల కొంచెం మాసినప్పుడు మీరే వాడుకోవచ్చు.

దుకాణంలో డబ్బు కట్టే ముందు పది నిమిషాలు ఇలా చూడండి. ప్లగ్గు తీసి మెషీన్‌ను వాల్చండి. రెండు పెద్ద చక్రాలను, వెనుక చిన్న చక్రాన్ని బొటనవేలు ఆనించి ఒక పూర్తి చుట్టు తిప్పండి. వేలికి ఏది తగిలినా గీకి తీయండి. డ్రమ్ము రబ్బరు మీద కళ్ళు మూసుకుని వేళ్ళు నడపండి. నాట్యం నేర్పే చేతులు కాబట్టి మీకు త్వరగా తెలుస్తుంది. అణిగిన చోటు గాని, కోసుకుపోయిన గాటు గాని ఉంటే ఆ మెషీన్ వద్దు. రాత్రంతా డ్రమ్మును నేలకు ఆనించి వదిలేసే దుకాణాల్లో రబ్బరు అలా అణుగుతుంది. పక్క మూత తీయించి మోటారు బెల్టును చూడండి, పగుళ్ళు, ముడతలు ఉండకూడదు. డ్రమ్మును చేత్తో తిప్పినప్పుడు ఇసుక నమిలిన చప్పుడు వస్తే బేరింగులు పోయినట్టు. ఎడ్జర్ మోటారుకు ఇరువైపులా ఉన్న మూతలు విప్పితే కార్బన్లు, అంటే తిరిగే భాగానికి కరెంటు అందించే నల్లని ముక్కలు, బయటికి వస్తాయి. 6 మిల్లీమీటర్ల కంటే పొట్టిగా ఉంటే రెండూ కలిపి మార్పించండి, ఒక్కటే మార్చవద్దు. ఆన్ చేసినప్పుడు గాలి రంధ్రాల్లోంచి నీలం రంగు నిప్పు వలయంలా కనిపిస్తే కార్బన్లతో పోయేది కాదు, వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్ట) పని.

కరెంటు సంగతి మీరు రాయలేదు. సముద్రం వైపు ఊళ్ళలో సాయంత్రం పూట వోల్టేజి పడిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. మెషీన్‌ను మామూలు ప్లగ్గుకు కాదు, 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గుకు పెట్టండి. కింది నుంచి పైకి వైరు లాగితే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడండి. 30 మీటర్ల దూరానికి 10 ఆంపియర్లు లాగితే దానిలో పోయేది నాలుగున్నర వోల్టులు. అదే 1 చదరపు మిల్లీమీటరు వైరులో 11 వోల్టులు పోతాయి. వైరును చుట్టగా ఉంచకుండా మొత్తం విప్పండి. వోల్టేజి తగ్గితే ఇలాంటి మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. అద్దె మెషీన్లలో కాలిపోయినవాటిలో ఎక్కువ అలా పోయినవే. చేయి పెట్టలేనంత వేడి ఎక్కితే అరగంట ఆపండి. మోటారు ఆన్ చేసేటప్పుడు డ్రమ్ము నేలకు తగలకుండా ఎత్తి ఉండాలి.

గరుకు కాగితం 40 నంబరుతో మొదలుపెట్టి 60, 80, 100. నంబరు పెరిగేకొద్దీ కాగితం సన్నన. ఒక్క నంబరు కూడా వదలవద్దు. 40 నంబరు గీతలను 100 నంబరు తీయలేదు, పైపైన మెరిపిస్తుందంతే. ఒక నంబరు మొదలుపెట్టే ముందు నేల మీద పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీయండి. అవి పూర్తిగా పోయాక తరువాతి నంబరు. చక్రం వదిలిన పెద్ద అలలను తీయడానికి మాత్రం మొదటి చుట్టు పలకలకు ఏటవాలుగా నడవండి. నిలువుగా నడిస్తే చక్రాలు పాత అలల మీదే ఎక్కి దిగి మళ్ళీ అవే అలలు వేస్తాయి. తరువాత మూడు చుట్లు చెక్క నార వెంటే. ప్రతి నడకా ముందటి దానిమీద సగం ఎక్కాలి.

టేకులో నూనె ఉంటుంది కాబట్టి కాగితం త్వరగా పూడుకుపోతుంది. పూడిన కాగితం కోయదు, చెక్కను కాలుస్తుంది. నేల మీద ముదురు గోధుమరంగు చార కనిపిస్తే నొక్కకండి, కాగితం మార్చండి. పాత రబ్బరు చెప్పు అడుగును తిరుగుతున్న బెల్టుకు మెల్లగా ఆనిస్తే కొంత శుభ్రపడుతుంది, కాని అది అలవాటైన చేతి పని. మీరు చేయవద్దు, మార్చేయండి. కాగితాలను కిందటి రోజే తెచ్చి వానగాలి తగలని చోట ఉంచండి. గుడ్డ వెనుక ఉన్న బెల్టులు తేమకు సాగి మెషీన్ మీద పక్కకు జారుతాయి.

చివరిది పొడి సంచి. మూడోవంతు నిండగానే ఖాళీ చేయండి, ఇంట్లో కాదు, పెరట్లో, మూత ఉన్న ఇనుప డబ్బాలోకి. ఒకసారి ఒక కల్యాణ మండపం వేదిక చేసి, అలసిపోయి సంచిని వసారాలోనే వదిలి ఇంటికి వెళ్ళాను. రాత్రి రెండు గంటలకు కావలి మనిషి ఫోను చేశాడు. పాత వార్నిష్ కలిసిన పొడి లోపల నుంచి నిప్పు రాజుకుని, సంచి, కింద ఉన్న చాప కాలిపోయాయి. వేదిక దక్కింది. మంట లేదు, పొగ మాత్రమే, అదీ గంటల తరబడి. అలాంటి పొడిలో నూనె తనంతట తానే వేడెక్కుతుంది, మేకు రవ్వ ఒక్కటి దొరికినా అంతే. ఆ తరువాత రోజూ పని ముగిశాక నేను మొదట కడిగేది చేతులు కాదు, సంచి.

పని అయిపోయాక మెషీన్ తిరిగి ఇచ్చేటప్పుడు పొడి ఊదించి, మోటారు బెల్టు బిగుతు వదిలించి ఇవ్వండి. తరువాత తీసుకునే వారికి మీరు చేసే మేలు అది.

సిరిమాను, గజపతినగరం

అక్కా, క్షమించండి, తెలియక రాశాను. మా తలుపు మీద సాయంత్రం టార్చి పెట్టి చూశాను. మేస్త్రీ గారు చెప్పిన చంద్రవంకలు ఉన్నాయి, పదిహేను దాకా లెక్కపెట్టాను.

నాగావళి గట్టు (ఫిబ్రవరి)

మేస్త్రీ గారూ, మాష్టారు గారూ, పని అయింది. మీకు చెప్పకుండా ఉండలేను.

ఈశాన్యం మూలలో మీటరు డిసెంబరు మొదటి వారంలో 19 శాతం తేమ చూపించింది. సంక్రాంతి వెళ్ళాక 14, తరువాత పదిహేను రోజులకు కూడా 14. దోనెలా ఉన్న పలకలు సగానికి సగం వాటంతట అవే దిగిపోయాయి. అప్పుడే చేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే భయం వేస్తోంది.

ఎర్ర రంగు మూల మా అమ్మ, నేను రెండు రోజులు తడిగా గీకి తీశాము. పిల్లలకు వారం సెలవు ఇచ్చాను.

దుకాణంలో బెల్టు రకం మెషీన్ ఒక్కటే ఉంది. అన్నయ్యకు అప్పగించకుండా నేనే వెళ్ళాను. చక్రాలు బాగున్నాయి. డ్రమ్ము రబ్బరు మీద వేళ్ళు నడిపితే కుడి అంచున చిన్న గాటు తగిలింది, కంటికి కనిపించనిది. చూపిస్తే దుకాణం ఆయన రబ్బరు మార్పించి ఇవ్వడానికి రెండు రోజులు అడిగాడు. ఆగాను. ఎడ్జర్ కార్బన్లు 9 మిల్లీమీటర్లు ఉన్నాయి. మెషీన్ నడిపిన మనిషి పెందుర్తి నుంచి వచ్చాడు. మొదటి చుట్టు ఏటవాలుగా అంటే ఆశ్చర్యపోయాడు, కాని చేశాడు. ఆ ఒక్క చుట్టుతోనే పెద్ద అలలు పోయాయి. 60 నంబరు అయ్యాక రాత్రి బల్బు నేల మీద పెట్టి చూశాము. కిటికీ వైపు సన్నని గీతలు మూడు చోట్ల మిగిలాయి. 80 నంబరుకు అవి కూడా పోయాయి.

గుమ్మం గుంతను పూర్తిగా తీయాలంటే చుట్టూ రెండు మిల్లీమీటర్లు దించాలన్నాడు. వద్దన్నాను. అంచులు మాత్రం సాగదీసి మెత్తగా చేశాడు, కాలికి తెలియడం లేదు. నాన్నమ్మ కూర్చునే పలక మీద మెషీన్ పెట్టనివ్వలేదు. దాన్ని నేనే ఉక్కు రేకు ముక్కతో, వేళ్ళతో చూసుకుంటూ గీకాను, నాలుగు సాయంత్రాలు పట్టింది.

నిన్న మొదటిసారి పెద్ద పిల్లలు ఎనిమిది మంది మేడ మీద తట్టడుగులు వేశారు. పని జరిగిన రెండు రోజులూ సంచిని గంటకొకసారి ఖాళీ చేశాము. ఆ పొడంతా ఇనుప డబ్బాలో, పెరట్లో నుయ్యి పక్కన ఉంది. మీరు ఈసారి ఆమదాలవలస వైపు వస్తే తప్పకుండా ఇంటికి రండి. నేల మీద మీ వేళ్ళు నడిపి ఎక్కడ ఆగుతాయో చెప్పాలి.